కోణమానిని లేకుండా క్రిస్మస్ నక్షత్రం

డిసెంబరు నెల వచ్చిందంటే మన ఊళ్ళలో ఎన్నో ఇళ్ళ చూరుకు నక్షత్రాలు వేలాడుతాయి. ఈ మధ్య బజారులో కొన్న ప్లాస్టిక్ నక్షత్రాలు, మడత విప్పితే నక్షత్రమయ్యే అట్టవీ ఎక్కువయ్యాయి గాని, వెదురు బద్దలతో కట్టి రంగు కాగితం అంటించిన నక్షత్రం అందం వాటికి రాదని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా సరే. కాని ఒక ప్రశ్నకు మాత్రం జవాబు చెప్పండి. సన్నటి బద్దలు, దారం, జిగురు తప్ప మరేమీ లేని ఆ నక్షత్రం గాలికి ఊగుతుంది, తిరుగుతుంది, ఒక్కోసారి గోడకు కూడా కొట్టుకుంటుంది. అయినా దాని ఆకారం ఎందుకు చెదరదు?

ఈ ప్రశ్న వెనుక ఒక సంవత్సరం పాటు మా తొమ్మిదో తరగతి పిల్లలూ నేనూ పడ్డ తిప్పలున్నాయి. అవి చెప్పే ముందు మిమ్మల్ని ఒక దూరదేశపు బడికి తీసుకువెళ్తాను.

జర్మనీ తూర్పు అంచున, పోలండు సరిహద్దుకు దగ్గరలో నీస్కీ అనే చిన్న పట్టణం ఉంది. మొరేవియన్ సంఘం అనే క్రైస్తవ శాఖకు చెందినవారు 1742లో దాన్ని స్థాపించారు. అక్కడ వారికి ఒక బాలుర పాఠశాల ఉండేది. 1830ల ప్రాంతంలో ఆ బడిలో రేఖాగణితం పాఠంలో భాగంగా పిల్లలచేత కాగితంతో ఒక నక్షత్రం చేయించారు. మనం కాగితంమీద గీసే అయిదు మొనల చుక్క కాదది. బంతిలా అన్ని దిక్కులకూ మొనలు పొడుచుకువచ్చే నక్షత్రం. దాన్ని చేయాలంటే చతురస్రం, సమబాహు త్రిభుజం, పిరమిడ్ ఇవన్నీ చేతిలోకి రావాలి. పాఠంగా మొదలైనది పండుగ అలంకారమైంది. ఆ బడిలో చదువుకున్న వెర్బెక్ అనే ఆయన 19వ శతాబ్దం చివర తన పుస్తకాల దుకాణంలో నక్షత్రాలనూ, వాటిని చేసే పద్ధతినీ అమ్మడం మొదలుపెట్టాడు. తరువాత ఆయన కొడుకు హెర్న్‌హుట్ అనే ఊళ్ళో ఏకంగా నక్షత్రాల కర్మాగారమే పెట్టాడు. ఇవాళ్టికీ ఆ ఊళ్ళో అవి తయారవుతున్నాయి. ఒక లెక్కల పీరియడు ఒక ఊరికి బతుకుతెరువైందన్నమాట!

ఇది చదివిన ఉత్సాహంతోనే మా పిల్లలచేత నక్షత్రం కట్టించాలనుకున్నాను. "సైన్సు పీరియడులో వెదురు బద్దలేమిటి మాస్టారూ, సిలబస్ అయిందా?" అని మా హెడ్మాస్టరుగారు అడిగారు. అయ్యాకే కడతామని మాట ఇచ్చాను.

ఇక మా తిప్పలు. అయిదు బద్దల నక్షత్రానికి ఒక్కో మొన దగ్గర కోణం 36 డిగ్రీలుండాలని పిల్లలకు తెలుసు. కాబట్టి కోణమానినులు తీశారు. మొదటి బద్ద చివర రెండో బద్ద, 36 డిగ్రీలు కొలిచి ముడి. రెండో దాని చివర మూడోది, మళ్ళీ 36 డిగ్రీలు. ఇలా నాలుగు కోణాలు కొలిచి అయిదు బద్దలూ కట్టాక, అయిదో బద్ద కొస మొదటి బద్ద కొస దగ్గరికి దానంతటది రావాలి. రాలేదు! ఒక జట్టుకు నాలుగు వేళ్ళ ఖాళీ మిగిలింది. ఇంకో జట్టుకు కొస దాటిపోయింది. అయిదు జట్లలో ఒక్క జట్టుకూ నక్షత్రం మూసుకోలేదు. గట్టిగా లాగి కట్టేస్తే ఒక మొన బక్కగా, ఒక మొన లావుగా వచ్చింది.

పిల్లలు అశ్రద్ధగా కొలిచారనుకున్నాను. కాని ఇంటికి వెళ్ళి లెక్క వేసి చూస్తే వాళ్ళను కోప్పడినందుకు సిగ్గేసింది. చిన్న కోణమానినిలో రెండు డిగ్రీలంటే గీతల మధ్య రెండు గళ్ళే. బద్ద వెడల్పే అంతకన్నా ఎక్కువ ఉంటుంది. అయినా నాలుగు కోణాలనూ 36కు బదులు 38 డిగ్రీలుగా కట్టామనుకోండి. బద్దల పొడవు 60 సెంటీమీటర్లయితే, చివరి కొస సుమారు 5.5 సెంటీమీటర్లు తప్పిపోతుంది. ఒక్కో చోట కంటికి ఆనని పొరపాటు, నాలుగు చోట్ల పోగయ్యేసరికి నాలుగు వేళ్ళ ఖాళీ అయి కూర్చుంది.

మా బడి వెనుక వీధిలో బుట్టలు, చేటలు అల్లే ఒక పెద్దాయన ఉండేవారు. ప్రతి డిసెంబరులో ఆయన వెదురు చుక్కలు కట్టి అమ్మేవారు. ఆయన చుక్క అంటారు గాని నక్షత్రం అనరు. పిల్లలను వెంటబెట్టుకుని వెళ్ళాను.

"తాతా, నువ్వు కోణం ఎలా కొలుస్తావు?" అని మా తరగతి అమ్మాయి అడిగింది.

"కోణమంటే ఏందమ్మా?" అన్నారాయన. అమ్మాయి రెండు బద్దలు మొనలా పట్టుకుని చూపించింది. ఆయన నవ్వారు. "దాన్ని నేనెందుకు కొలుస్తానమ్మా? అదే వస్తది" అని, దూలంమీద నుంచి ఒక పాత పుల్ల తీశారు. ఆ పుల్లకు గాట్లున్నాయి. "ఇది మా నాయన నాటి పుల్ల. దీన్ని బద్దకు ఆనించి గాట్లు పెడతా. గాటుకు గాటు కలిపి కడితే చుక్క అదే నిలబడతది."

మేము స్కేలుతో ఆ గాట్ల మధ్య దూరాలు కొలిచాం. 23, 14, మళ్ళీ 23 సెంటీమీటర్లు. మొత్తం 60.

ఆ పుల్లలోనే మన పాఠమంతా ఉంది. ఇప్పుడు మీరూ చేయండి, చేస్తూ ఆలోచించండి.

బాగా ఆరిన వెదురు నుంచి పది బద్దలు కావాలి. ఒక్కోటి 62 సెంటీమీటర్ల పొడవు, సుమారు ఒక సెంటీమీటరు వెడల్పు, 3 మిల్లీమీటర్ల మందం. వెదురును చీల్చే పని పెద్దలకు వదిలేయండి. వెదురు అంచు బ్లేడులా కోస్తుంది. చీలిక వేలిలో దిగితే పండుగ పూట చేతికి కట్టుతో తిరగాలి. బద్దలు మీ చేతికి వచ్చాక అంచులను గరుకు కాగితంతో రుద్ది నున్నగా చేయండి.

బద్దలన్నీ ఒకే మందం ఉండాలి. ఇది ముచ్చట కోసం చెప్పడం లేదు. ఒక బద్దను వంచడానికి కావలసిన బలం దాని మందానికి ఘనంగా మారుతుంది. అంటే మందం సగమైతే వంచే బలం ఎనిమిదో వంతు చాలు. పది బద్దలలో ఒక్కటి మిగతావాటికన్నా కొంచెం మందంగా ఉన్నా అది వంగనంటుంది. పక్కవి దాని వంతు కూడా వంగి నక్షత్రం ఒకవైపు మూతి ముడుచుకుంటుంది.

ప్రతి బద్ద మీదా ఒక కొస నుంచి 1 సెం.మీ., 23.9 సెం.మీ., 38.1 సెం.మీ., 61 సెం.మీ. దగ్గర పెన్సిలుతో గుర్తులు పెట్టి, వాటి దగ్గర దారం జారకుండా చాలా లోతు తక్కువ గాట్లు పెట్టండి. చివరి సెంటీమీటర్లు ముడి కోసం వదిలినవి. అవి తీసేస్తే మిగిలే పొడవులు 22.9, 14.2, 22.9. తాతగారి పుల్లలోని అంకెలే ఇవి, కాస్త మెరుగుపెట్టినవి.

ఇప్పుడు అయిదు బద్దలకు వరుసగా 1 నుంచి 5 వరకు అంకెలు రాయండి. 1వ దాని కొసను 2వ దానితో, 2వ దాని రెండో కొసను 3వ దానితో, ఇలా కొసలు మాత్రమే కట్టుకుంటూ పోయి, 5వ దాన్ని మళ్ళీ 1వ దానితో కలపండి. ముడులు మరీ బిగించకండి. బద్ద తిరగగలగాలి. నేలమీద పరిచి నక్షత్రంలా సర్దండి. ప్రతి బద్దా మధ్యలో ఒకదాని పైనుంచీ, ఇంకొకదాని కిందనుంచీ పోయేలా అల్లండి.

రెండు మొనలు పట్టుకుని అటూ ఇటూ లాగండి. చూశారా, ఎలా వంకర్లు పోతోందో! కొసలన్నీ కట్టినా ఇది నక్షత్రం కాదు, వదులు గొలుసు.

ఇప్పుడు 1వ బద్దా 3వ బద్దా ఒకదాన్నొకటి దాటే చోటు వెతకండి. ఈ రెండింటి మీదా 2వ బద్దకు దూరంగా ఉన్న గాట్లను కలిపి పురికొసతో గట్టిగా ఒక ముడి వేయండి. ఒక్క ముడే. మళ్ళీ లాగి చూడండి.

బిగుసుకుంది! నేలమీద ఎటు లాగినా ఆకారం మారదు. ఇంకా నాలుగు చోట్ల బద్దలు దాటుతున్నాయి, వాటిని మనం ముట్టుకోనే లేదు. మా పిల్లలలో సగం మంది నమ్మక మూడుసార్లు విప్పి కట్టారు.

ఎందుకిలా అయింది? ఆ ఒక్క ముడితో ఒక త్రిభుజం ఏర్పడింది. దాని మూడు భుజాలు చూడండి: 2వ బద్ద మొత్తం పొడవు 60 సెం.మీ.; 1వ బద్దలో ముడి వరకు 37.1 సెం.మీ.; 3వ బద్దలో ముడి వరకు 37.1 సెం.మీ. మూడు భుజాల పొడవులు ఇస్తే ఒకే ఒక త్రిభుజం వస్తుందని మీరు చదువుకున్నారు గదా. భుజాలు మారకుండా దాని కోణాలు మారలేవు. కాబట్టి మూడు బద్దలు ఒక్కదెబ్బకు కదలకుండా కుదిరిపోయాయి. దాంతో 1వ, 3వ బద్దల మిగిలిన కొసల మధ్య దూరం కూడా ఖాయమైపోయింది. ఆ రెండు కొసల నుంచి బయలుదేరిన 4వ, 5వ బద్దలు ఒకచోట కలుస్తున్నాయి. అది మరో త్రిభుజం. దానికీ కదిలే దారి లేదు.

పొరపాటున 2వ బద్దకు దగ్గరగా ఉన్న గాట్లను కలపబోయారా? అవి అందనే అందవు. 22.9, 22.9 కలిపితే 45.8. అది 60 కన్నా తక్కువ. త్రిభుజంలో రెండు భుజాల మొత్తం మూడో భుజంకన్నా ఎక్కువగా ఉండాలన్న సూత్రం పుస్తకంలో చదివినప్పుడు "ఇది కూడా చెప్పాలా" అనిపిస్తుంది. చేతిలో బద్దలు అందకపోయినప్పుడు అది సూత్రమని తెలుస్తుంది.

వినాయక చవితికి పాలవెల్లి కట్టినవారుంటే గుర్తు చేసుకోండి. నాలుగు బద్దలను చతురస్రంగా, మూలల్లో మాత్రమే కట్టి ఎత్తితే అది పక్కకు ఒరిగి డైమండు ఆకారంలోకి పోతుంది. నాలుగు భుజాల పొడవులూ మారలేదు, కోణాలు మాత్రం మారిపోయాయి. ఒక కర్రముక్కను మూల నుంచి మూలకు అడ్డంగా కట్టండి, కదలదు. చతురస్రం రెండు త్రిభుజాలైపోయింది కనుక. రైలు వంతెనల పక్కల ఏటవాలు కమ్మీలు, కరెంటు టవర్లలో అడ్డదిడ్డంగా కనిపించే ఇనుప బద్దలు ఇందుకే.

మా తప్పు ఏమిటో ఇప్పుడు తెలిసిందిగా. మేము కోణాలను కొలిచి పొడవులు వాటంతటవి సరిపోతాయనుకున్నాం. తాతగారు పొడవులు కొలిచి, కోణాలను త్రిభుజానికి వదిలేశారు. పొడవును మిల్లీమీటరు తేడాతో కొలవడం మీకూ నాకూ చేతనవుతుంది. బద్ద వెడల్పు మీద కోణాన్ని డిగ్రీ తేడాతో కొలవడం చేతకాదు. ఏది తేలిగ్గా, నిక్కచ్చిగా కొలవగలమో దాన్ని కొలిచి, రెండోదాన్ని దాని నుంచి రాబట్టడం ప్రయోగశాలలో కూడా చేస్తాం.

ఒక్క ముడి చాలునని తేలినా మిగతా నాలుగూ కట్టేయండి. సిద్ధాంతంలో ముడి జారదు, చూరు కింద జారుతుంది.

మొన 36 డిగ్రీలే ఎందుకు అని అడిగేవారికి ఒక చిన్న ఆట. కట్టిన నక్షత్రంలో ఒక బద్దమీద పెన్సిలు పెట్టండి. దాని ములికి ఎటు ఉందో గుర్తుంచుకోండి. పెన్సిలును బద్ద వెంట మొన దాకా జరిపి, మొన లోపలి కోణం మేరకు తిప్పి పక్క బద్దమీదికి తేండి. మళ్ళీ జరపండి, రెండో మొన దగ్గర అదే దిశలో తిప్పండి. ఇలా అయిదు మొనలూ తిరిగి మొదటి బద్దకు వచ్చేసరికి పెన్సిలు తిరగబడి ఉంటుంది. అంటే సరిగ్గా సగం చుట్టు, 180 డిగ్రీలు తిరిగింది. అయిదు మొనల మొత్తం 180 అయితే, అన్నీ సమానమైనప్పుడు ఒక్కోటి 36. మొనలు సమానంగా లేని వంకర నక్షత్రంలోనూ మొత్తం 180యే వస్తుంది. మేము పాడుచేసిన నక్షత్రాలు ఇక్కడ పనికొచ్చాయి.

పదో తరగతివారు ఇంకొక అడుగు వేయవచ్చు. 22.9 అనే అంకె ఎక్కడ నుంచి వచ్చింది? నక్షత్రంలో పెద్దవీ చిన్నవీ సరూప త్రిభుజాలు దాగి ఉన్నాయి. వాటివల్ల బద్ద మొత్తానికీ పెద్ద ముక్కకూ ఉన్న నిష్పత్తి, పెద్ద ముక్కకూ చిన్న ముక్కకూ ఉన్న నిష్పత్తికి సమానమవుతుంది. పెద్ద ముక్కను x అనుకుంటే చిన్నది 60 − x. అప్పుడు x² = 60(60 − x). ఈ వర్గ సమీకరణాన్ని సాధిస్తే x సుమారు 37.1, చిన్న ముక్క 22.9. ఇప్పుడు 60ని 37.1తో, 37.1ని 22.9తో భాగించండి. రెండుసార్లూ 1.62 దగ్గరే వస్తుంది. గణితజ్ఞులు స్వర్ణ నిష్పత్తి అని పిలిచే సంఖ్య ఇదే, సుమారు 1.618. మీ బద్ద 60 కాక 90 సెంటీమీటర్లయితే గాట్లు ఎక్కడ పెట్టాలో మీకిప్పుడు ఎవరూ చెప్పనక్కరలేదు.

మిగతా అయిదు బద్దలతో రెండో చట్రం కట్టండి. రెండింటినీ ఒకదానిమీద ఒకటి పెట్టి మొనకు మొన కట్టండి. తర్వాత లోపల బద్దలు దాటే అయిదు చోట్లా రెండు చట్రాల మధ్య 10 సెం.మీ. పుల్లలు నిలబెట్టి కట్టండి. బద్దలు విల్లులా వంగి నక్షత్రానికి పొట్ట వస్తుంది. వంగిన బద్ద తిరిగి చాపుకోవాలని చూస్తుంది, ఆ బిగువే పుల్లలను పట్టి ఉంచుతుంది. కట్టేటప్పుడు వెదురు పై పెచ్చు బయటివైపు ఉండేలా చూసుకోండి. వెదురులో నారలు పెచ్చు పక్కనే దట్టంగా ఉంటాయి. వంచినప్పుడు సాగేది బయటివైపే కనుక గట్టి నార అక్కడ ఉండటం మేలు.

కాగితం కత్తిరించే ముందు ఆగండి. ఎన్ని ముక్కలు కావాలి? మా పిల్లలలో ఒకరు 12 అన్నారు, ఒకరు 20 అన్నారు. నక్షత్రాన్ని తిప్పి తిప్పి లెక్కపెట్టినా ఎక్కడ మొదలుపెట్టామో మరిచిపోతాం. ముక్కలకన్నా మూలలూ అంచులూ లెక్కపెట్టడం తేలిక. మూలలు: మొనలు 5, ముందు చట్రంలో దాటే చోట్లు 5, వెనుక 5, మొత్తం 15. అంచులు: ఒక చట్రంలో మొనల వైపు ముక్కలు 10, నడిమి ముక్కలు 5, కలిపి 15. రెండు చట్రాలకు 30. నిలబెట్టిన పుల్లలు 5. మొత్తం 35.

స్విట్జర్లాండులో పుట్టిన ఆయిలర్ అనే గణితజ్ఞుడు 1750లో తన మిత్రుడు గోల్డ్‌బాక్‌కు రాసిన ఉత్తరంలో ఒక విచిత్రమైన సంగతి చెప్పాడు. చదును ముఖాలు కలిగి, మధ్యలో రంధ్రం లేని ఘనరూపంలో మూలల సంఖ్య నుంచి అంచుల సంఖ్య తీసివేసి ముఖాల సంఖ్య కలిపితే ఎప్పుడూ 2 వస్తుంది. మన నక్షత్రానికి 15 − 35 + ముఖాలు = 2. కాబట్టి ముఖాలు 22. ఇప్పుడు సరిచూడండి: ముందూ వెనుకా పంచభుజులు 2, మొనల త్రిభుజాలు ముందు 5, వెనుక 5, పక్కల సన్న త్రిభుజాలు 10. అక్షరాలా 22.

నీస్కీ నక్షత్రానికీ ఇదే లెక్క వర్తిస్తుంది. దాని లోపలి గుండు 18 చతురస్రాలు, 8 సమబాహు త్రిభుజాలు కలిసిన 26 ముఖాల ఘనరూపం. దానికి మూలలు 24, అంచులు 48. ఒక్కో ముఖం మీద ఒక్కో పిరమిడ్ నిలబెడితే 26 మొనలు. పైన ఒక చతురస్రాన్ని వేలాడదీయడానికి వదిలేస్తారు కనుక సాధారణంగా 25 కనిపిస్తాయి. ఇరవై ఆరూ పెడితే బయటి త్రిభుజాలు ఎన్ని, మూలలెన్ని, అంచులెన్ని? లెక్కించి ఆయిలర్ సూత్రంతో సరిచూసుకోండి. త్రిభుజాలు 96 వచ్చాయంటే మీరు సరైన దారిలోనే ఉన్నారు.

జిగురు సంగతి క్లుప్తంగా చెబుతాను. రెండు చెంచాల మైదాను చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగమీద తిప్పుతూ ఉడికించండి. సుమారు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర పిండిరేణువులు నీరు పీల్చి ఉబ్బి జావ చిక్కబడుతుంది. పురుగు పట్టకుండా కొందరు మైలుతుత్తం కలుపుతారు. అది విషం. మీరు కలపవద్దు, రెండు వారాల పండుగకు దాని అవసరం లేదు.

రంగులకు మాత్రం ఆలోచించి పూనుకోండి. ఒక ఏడాది ఎర్ర జిలటిన్ కాగితం చిరిగితే, ఎర్రది అయిపోయిందని ఒక అబ్బాయి పైన ఆకుపచ్చ ముక్క అంటించాడు. పగలు బాగానే ఉంది. రాత్రి దీపం పెట్టేసరికి నక్షత్రంలో ఆ చోట నల్లటి మచ్చ! ఎర్ర కాగితం తెల్లని వెలుగులోంచి ఎర్రదాన్నే వదిలి మిగతావాటిని చాలావరకు మింగేస్తుంది. ఆకుపచ్చ కాగితం ఆకుపచ్చను మాత్రమే వదులుతుంది. ఎర్ర కాగితాన్ని దాటి వచ్చిన వెలుగులో ఆకుపచ్చ ఉండదు కనుక, రెండోదాన్ని దాటేది దాదాపు ఏమీ ఉండదు. ఎర్రమీద పసుపు అంటించి ఉంటే? పసుపు కాగితం ఎరుపునూ ఆకుపచ్చనూ రెండింటినీ పోనిస్తుంది. మచ్చ కనపడకుండా ఎర్రగానే వెలిగేది. రంగు కాగితాలు కంటికి అడ్డం పెట్టుకుని మీరే పరీక్షించవచ్చు. సూర్యుణ్ణి మాత్రం వాటిలోంచి చూడకండి.

ఇక దీపం. కాగితపు నక్షత్రంలో కొవ్వొత్తి పెట్టకూడదు. ఎంత జాగ్రత్తగా పెట్టినా కూడదు. మంట పక్కకు వంగడానికి ఒక గాలివిసురు చాలు. పాత రకం 60 వాట్ల బల్బు కూడా వద్దు. అది తీసుకునే విద్యుత్తులో 90 శాతానికి పైగా వేడిగానే పోతుంది, ఆ వేడి కాగితాన్ని పెళుసు చేస్తుంది. ఇంటి కరెంటు తీగల జోలికి మీరు వెళ్ళవద్దు. మూడు పెన్సిల్ సెల్లు వరుసగా కలపండి: 4.5 వోల్టులు. ఒక తెల్ల ఎల్‌ఈడీకి సుమారు 3 వోల్టులు కావాలి. మిగిలిన 1.5 వోల్టులను 100 ఓమ్‌ల నిరోధకం తీసుకుంటుంది. ఓమ్ సూత్రం ప్రకారం విద్యుత్తు 1.5 ÷ 100 = 0.015 ఆంపియరు. ఎల్‌ఈడీ పొడుగు కాలు ధన ధ్రువానికి కలపాలి. తారుమారైతే వెలగదు. ఒక్కటి చాలకపోతే ఒక్కోదానికి ఒక్కో నిరోధకం చొప్పున మూడు నాలుగు సమాంతరంగా కలపండి. కాగితం అంటించేటప్పుడు వెనుక ఒక త్రిభుజాన్ని తలుపులా వదిలితే సెల్లు మార్చుకోవచ్చు. ఇది మేము మొదటిసారి మరిచిపోయి, అంటించిన కాగితాన్ని చింపవలసి వచ్చింది.

ఆ నక్షత్రాన్ని మా బడి వరండాలో కట్టాం. తాతగారు వచ్చి చూసి, మొన పట్టుకుని ఒకసారి ఊపి, "నిలబడింది" అన్నారు. హెడ్మాస్టరుగారు 22 ముఖాలనూ స్వయంగా లెక్కపెట్టారు.

మీరు అయిదు బద్దలతో ఆగిపోనక్కరలేదు. నేలమీద దారానికి సుద్దముక్క కట్టి 30 సెం.మీ. వ్యాసార్ధంతో వృత్తం గీయండి. అంచు వెంట 26 సెం.మీ. చొప్పున గుర్తులు పెట్టుకుంటూ పోతే ఏడు సమాన భాగాలొస్తాయి. ఒక గుర్తు నుంచి మూడో గుర్తుకు, అక్కడ నుంచి మళ్ళీ మూడో గుర్తుకు, ఇలా ముడికీ ముడికీ మధ్య 58.5 సెం.మీ. ఉండేలా ఏడు బద్దలు పరిచి కొసలు కట్టండి. బద్దలు దాటే చోట్లన్నిటా గాట్లు పెట్టుకోండి. పెన్సిలు ఆట ఆడితే ఏడు మొనల మొత్తం ఎంత వస్తుంది? ఇది కదలకుండా బిగియడానికి లోపల కనీసం ఎన్ని ముడులు కావాలి? ఒక్కటి చాలదని మాత్రం చెప్పగలను. మా తరగతిలో కొందరు రెండన్నారు, కొందరు మూడన్నారు, ఒకమ్మాయి ఏ ముడి ఎక్కడ వేస్తామన్నదాన్ని బట్టి ఉంటుందంది. ఒక్కో ముడి వేసి, లాగి చూడండి.